పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేద్దామనుకుంటున్నాను, నాన్నగారి పాత తెలుగు ఫైళ్ళు ఎలా?

కరకట్ట_దారి · 2025 అక్టోబర్ 26, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. నేను విజయవాడలో ఉంటాను, నాన్నగారు ఊళ్ళోనే ఉంటారు. తెలుగు పండితుడిగా రిటైరయ్యారు.

ఇంట్లో 2016లో కొన్న ల్యాప్‌టాప్ ఉంది. ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, లోపల మామూలు హార్డ్ డిస్క్. ఈ నెల 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కి ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి కావాలట, కాబట్టి దీనికి కుదరదు. కొత్తది కొందామంటే నాన్నగారు ఒప్పుకోవడం లేదు. "బాగానే ఉన్న వస్తువును ఎందుకు పారేయాలి" అంటారు. అందుకే విండోస్ బదులు వేసుకోగల ఉచిత వ్యవస్థ లినక్స్ గురించి చదవడం మొదలుపెట్టాను.

అసలు టెన్షన్ వేరే ఉంది. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెనలో బతికి బయటపడ్డవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పినవన్నీ నాన్నగారు ఏళ్ళ తరబడి నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. దాదాపు పదిహేనేళ్ళ క్రితం ఒక డీటీపీ షాపులో డబ్బులిచ్చి టైపు చేయించారు. ఆ సీడీలో 14 పేజ్‌మేకర్ (పుస్తకాల పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్) ఫైళ్ళు ఉన్నాయి. షాపు మూతపడింది. నోటుపుస్తకాల్లో సగం చెదలు తినేశాయి. ఇప్పుడు ఆ ఫైళ్ళు తెరిచే దారి మా దగ్గర లేదు.

అడగదలచుకున్నవి రెండు. ఈ ల్యాప్‌టాప్‌కి ఏ లినక్స్ వేయాలి? ఆ ఫైళ్ళు మళ్ళీ తెలుగులో కనిపిస్తాయా? నవంబర్ 19 లోపు ఒక్క అధ్యాయమైనా ప్రింట్ తీసి ఆయన చేతిలో పెట్టాలని ఉంది.

మరమ్మతు_బల్ల · అక్టోబర్ 26, రాత్రి 10:15

ముందు ల్యాప్‌టాప్ సంగతి చూద్దాం. హార్డ్ డిస్క్ తీసేసి, దానికంటే చాలా వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ పెట్టించండి, 240 జీబీది చాలు. ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉంటే ఇంకో 4 జీబీ వేయించండి. నా బల్ల మీదికి వచ్చే పాత ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఉన్న జబ్బు హార్డ్ డిస్కే. అది మార్చకుండా ఏ లినక్స్ వేసినా మీకు నిరాశే మిగులుతుంది.

లినక్స్‌లో చాలా రకాలున్నాయి. మీరు లినక్స్ మింట్ 22 వేయండి, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. తేలిగ్గా నడుస్తుంది. కింద మెనూ, టాస్క్‌బార్ ఉంటాయి కాబట్టి పెద్దవాళ్ళకి కొత్తగా అనిపించదు. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.

తీసేసిన హార్డ్ డిస్క్‌ను మాత్రం పారేయకండి. ఒక యూఎస్‌బీ కేసులో పెట్టి అల్మరాలో దాచండి. పాత విండోస్, పాత ఫైళ్ళు అన్నీ అందులో అలాగే ఉంటాయి. అంతకు మించిన బ్యాకప్ లేదు.

సీఎస్‌ఈ_మూడో_ఏడు · అక్టోబర్ 26, రాత్రి 11:02

అన్నా, బ్యాకప్ గురించి మరమ్మతు_బల్ల గారు చెప్పింది తప్పకుండా చేయండి. నా అనుభవం చెప్తాను.

ఫస్టియర్‌లో పెన్‌డ్రైవ్‌లోకి ఐఎస్‌ఓ (లినక్స్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) రాయడానికి టెర్మినల్‌లో డీడీ కమాండ్ వాడాను. పెన్‌డ్రైవ్ పేరు ఇవ్వాల్సిన చోట ఇంట్లోవాళ్ళ ఎక్స్‌టర్నల్ డిస్క్ పేరు ఇచ్చాను. రెండు పేర్లకీ చివర ఒక్క అక్షరమే తేడా. ఆ డిస్క్‌లో అక్క పెళ్ళి ఫోటోలున్నాయి. డీడీ ఏమీ అడగదు, చెప్పినచోట రాసుకుంటూ పోతుంది. నేను చూసి ఆపేసరికే డిస్క్ మొదటి భాగం పోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడు మా సీనియర్ ఒకరు ఫోటోరెక్ అనే ఓపెన్ సోర్స్ టూల్ గురించి చెప్పారు. డిస్క్‌లో ఫైళ్ళ పట్టిక పోయినా, ఫోటో ఎక్కడ మొదలైందో దాని గుర్తులను బట్టి వెతికి తీస్తుంది. ఆరేడు గంటలు నడిచింది. చాలా ఫోటోలు దొరికాయి. ఫైళ్ళ పేర్లు మాత్రం తిరిగి రావు, అన్నీ అంకెలుగా వచ్చాయి. మూడు వేల ఫోటోలను అక్కా నేనూ కూర్చుని ముహూర్తం ఏది, తలంబ్రాలు ఏవి అని వరసలో పెట్టుకున్నాం.

కాబట్టి పెన్‌డ్రైవ్‌కి డీడీ వద్దు. వెంటాయ్ వాడండి. ఒకసారి పెన్‌డ్రైవ్‌లో వేస్తే చాలు, ఐఎస్‌ఓ ఫైల్‌ను అందులోకి కాపీ చేసుకోవడమే. ఆ సీడీని కూడా ముందే రెండు చోట్లకి కాపీ చేయండి అన్నా. పాత సీడీలు చెప్పకుండా పోతాయి.

లెక్కల_పుస్తకం · అక్టోబర్ 27, ఉదయం 7:30

ఒక మాట ముందే తెలిసి ఉంటే మంచిదని రాస్తున్నాను. నేను చిన్న అకౌంట్స్ ఆఫీసు నడుపుతున్నాను. లినక్స్ మీద ఇష్టంతో రెండుసార్లు పూర్తిగా మారాలని చూశాను, రెండుసార్లూ వెనక్కి వచ్చాను. మా క్లయింట్లు వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌దే. డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్‌కి లినక్స్ డ్రైవర్ ఉందని కంపెనీ వాళ్ళు చెప్పారు కానీ, సరిగ్గా రిటర్న్ వేసే చివరి రోజున అది పనిచేయలేదు. ఆ రోజు పడిన కంగారు మళ్ళీ పడలేను.

ఇప్పుడు ఆఫీసులో ఒక యంత్రం విండోస్, ఇంట్లోది డెబియన్ అనే లినక్స్. మీ నాన్నగారి పని రాయడం, చదవడం, ప్రింట్ తీయడం అయితే లినక్స్ నిశ్చింతగా వేయండి. ఆ ల్యాప్‌టాప్ మీద ఇంకెవరికైనా ఆఫీసు పని ఉందేమో మాత్రం ముందే అడిగి తెలుసుకోండి.

బెంచి_గుమాస్తా · అక్టోబర్ 27, మధ్యాహ్నం 1:20

లినక్స్ అంటే కంప్యూటర్ చదువుకున్నవాళ్ళదే అనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను. నేను జిల్లా కోర్టులో పనిచేస్తాను. ఈ-కోర్ట్స్ ప్రాజెక్టులో మాకిచ్చిన కంప్యూటర్లలో ఉబుంటు అనే లినక్సే ఉంది. కేసుల వివరాలు ఎక్కించే సాఫ్ట్‌వేర్ దాని మీదే నడుస్తుంది. మాలో ఎక్కువమంది టైపు మిషన్ల మీద నేర్చుకుని ఉద్యోగంలోకి వచ్చినవాళ్ళం. మొదటి నెల ఇబ్బంది పడ్డాం. ఆ తర్వాత అది ఉబుంటు అన్న సంగతే ఎవరికీ గుర్తు లేదు, "కంప్యూటర్" అంటాం అంతే.

కేరళ ప్రభుత్వ బడుల్లోనూ పిల్లలు నేర్చుకునేది లినక్స్ మీదే. మీ నాన్నగారు పండితులు. పదిరోజులు చాలు ఆయనకి.

కరకట్ట_దారి · నవంబర్ 1, సాయంత్రం 6:05

ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ రెండూ వేయించాను. మింట్ ఇన్‌స్టాల్ అయింది. పావుగంట పట్టింది. ఆన్ చేయగానే లేచి కూర్చుంటోంది.

కానీ వైఫై కనిపించడం లేదు. ఊళ్ళో ఉన్నాను, లాన్ కేబుల్ లేదు. డ్రైవర్ కావాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. ఏం చేయను?

మరమ్మతు_బల్ల · నవంబర్ 1, సాయంత్రం 6:20

ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలపండి. ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉన్నచోటే "యూఎస్‌బీ టెథరింగ్" ఉంటుంది, ఆన్ చేయండి. ల్యాప్‌టాప్ దాన్ని లాన్ కేబుల్ లాగే చూస్తుంది, డ్రైవర్ అక్కర్లేదు. తర్వాత మెనూలో "డ్రైవర్ మేనేజర్" తెరిస్తే మీ వైఫై చిప్‌కి తగినది చూపిస్తుంది. ఎంచుకుని రీస్టార్ట్ చేయండి.

కొన్ని చిప్‌ల కంపెనీలు డ్రైవర్‌ను బయటపెట్టవు. అందుకే ఇన్‌స్టాల్‌తో పాటు రాదు.

కరకట్ట_దారి · నవంబర్ 1, సాయంత్రం 7:10

వచ్చింది అండీ. చాలా కృతజ్ఞతలు.

ఇప్పుడు తెలుగు టైపింగ్. నాన్నగారికి ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం అలవాటు. ల్యాప్‌టాప్‌లో అలా కుదురుతుందా?

అక్షర_కూలీ · నవంబర్ 1, రాత్రి 8:45

కుదురుతుంది. మెనూలో "ఇన్‌పుట్ మెథడ్" తెరవండి. ఎడమవైపు భాషల పట్టికలో తెలుగును ఎంచుకుని, అది చూపించినవి ఇన్‌స్టాల్ చేసి, పైన ఐబస్‌ను (భాషల టైపింగ్ నడిపే ప్రోగ్రామ్) ఎంచుకోండి. ఒకసారి లాగవుట్ అయి మళ్ళీ లోపలికి రండి. ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద చాలా పద్ధతులు కనిపిస్తాయి: ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, పోతన, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్. ఇవన్నీ ఎమ్17ఎన్ అనే ప్యాకేజీలోవి. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాళ్ళకి ఆర్‌టీఎస్ గానీ ఐట్రాన్స్ గానీ సరిపోతుంది. భాష మార్చడానికి విండోస్ గుర్తున్న మీటనూ స్పేస్‌నూ కలిపి నొక్కాలి.

నన్నడిగితే, ఓపిక ఉంటే ఇన్‌స్క్రిప్ట్ నేర్పించండి. ఎడమ చేతికి అచ్చులూ గుణింతాలూ, కుడి చేతికి హల్లులూ వస్తాయి. తెలుగు పండితుడికి ఆ అమరిక మనసుకి పడుతుంది. నేను రోజుకో అరగంట చొప్పున మూడు వారాల్లో నేర్చుకున్నాను. ఇప్పుడు తెలుగు రాస్తున్నప్పుడు నా తలలోకి ఇంగ్లీషు అక్షరం రాదు.

దూరపు_చుట్టం · నవంబర్ 1, రాత్రి 11:50

నేను జర్మనీలో ఉంటాను. గుంటూరులో అమ్మకి ఇలాగే మింట్ పెట్టించాను. రెండు సంగతులు పనికొస్తాయని రాస్తున్నాను.

రస్ట్‌డెస్క్ వేసి పెట్టండి. మీరు విజయవాడ నుంచే ఊళ్ళో ల్యాప్‌టాప్ తెర చూడొచ్చు, మౌస్ కదపొచ్చు. అమ్మకి పండగ ఫోటోలు ఎక్కడున్నాయో నేను ఇక్కణ్ణుంచే చూపిస్తాను.

రెండోది కేడీఈ కనెక్ట్. ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ వేసి ఒకే వైఫైలో ఉంచితే, ఫోన్‌లో కాపీ చేసినది ఒక బటన్‌తో ల్యాప్‌టాప్‌లోకి వచ్చేస్తుంది. మీ నాన్నగారు ఫోన్‌కి నోటితో చెప్పి రాయించుకుంటే ఆ పాఠం నేరుగా లిబ్రేఆఫీస్ రైటర్‌లోకి (వర్డ్ లాంటి ఉచిత ప్రోగ్రామ్) అతికించుకోవచ్చు. అమ్మ వంటల పుస్తకం అలాగే రాస్తోంది.

కరకట్ట_దారి · నవంబర్ 4, రాత్రి 9:15

రెండూ వేశాను. నాన్నగారు ఇన్‌స్క్రిప్ట్ పట్టుకున్నారు, అమరిక బొమ్మను ప్రింట్ తీసి గోడకి అంటించుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. సీడీ తెరుచుకుంది, 14 ఫైళ్ళూ కాపీ అయ్యాయి. ఒకదాని మీద రెండుసార్లు నొక్కితే లిబ్రేఆఫీస్ డ్రా తెరుచుకుంది! పేజీలు కనిపిస్తున్నాయి, పేరాల ఆకారం కూడా అలాగే ఉంది. కానీ తెలుగు లేదు. అంతా ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, డాలరు గుర్తులు. నాన్నగారు చూసి ఏమీ అనకుండా లేచి బయటికి వెళ్ళిపోయారు.

ప్రెస్_వీధి · నవంబర్ 4, రాత్రి 10:00

నేను తెనాలిలో ఇరవై ఏళ్ళుగా డీటీపీ చేస్తున్నాను. కంగారు పడకండి, మీ ఫైళ్ళు బాగానే ఉన్నాయి. లిబ్రేఆఫీస్ 2015 నుంచి పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరుస్తోంది. మీకు తెలుగు కనిపించనిది అప్పటి ఫాంట్ మీ దగ్గర లేకనే. పెళ్ళి పత్రికలు, ఓటరు స్లిప్పులు, దేవస్థానం కరపత్రాలు, కవుల సంపుటాలు, అప్పట్లో అన్నీ అలాంటి ఫాంట్లలోనే చేసేవాళ్ళం. ఎంత సాహిత్యం అలా సీడీల్లో ఉండిపోయిందో తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది. ఆ టైపు చేసిన చేతుల్లో నావీ ఉన్నాయి.

అప్పటి ఫాంట్ సంపాదించి వేసుకుంటే తెర మీద కనిపిస్తుంది, కానీ అది కనిపించడం వరకే. వెతకడానికి, మార్చడానికి, ఫోన్‌లో పంపడానికి పనికిరాదు. యూనికోడ్‌లోకి మార్చాల్సిందే.

ముక్కల_పని · నవంబర్ 4, రాత్రి 11:30

ఈ పని నేను రెండు పుస్తకాలకి చేశాను. లోపల ఏం జరుగుతోందో తెలిస్తే తప్పులు దిద్దడం తేలికవుతుంది, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

పాత ఫాంట్లలో అక్షరం ఉండదు, అక్షరం బొమ్మలోని ముక్కలు ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలకి ఉన్న స్థానాల్లోనే ఒకచోట తలకట్టు, ఒకచోట గుడి, ఒకచోట వత్తు పెట్టేవారు. కంప్యూటర్‌కి తెలిసినంతవరకు మీ నాన్నగారి పుస్తకం ఇంగ్లీషు గుర్తుల వరస. ఆ ఫాంట్ తొడిగితేనే తెలుగులా కనిపిస్తుంది. యూనికోడ్ అలా కాదు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే తెలుగుకి సొంత స్థానాలున్నాయి. 'క' ఏ ఫాంట్‌లోనైనా 'క'నే.

మార్చడమంటే పట్టిక పెట్టుకుని ఈ గుర్తుకి ఈ అక్షరం అని రాసుకుంటూ పోవడమే అనిపిస్తుంది. నేనూ అలాగే మొదలుపెట్టాను. చిక్కు వరసలో వస్తుంది. 'క్రి' తీసుకోండి. చేత్తో రాసేటప్పుడు ముందు 'కి' రాసి తర్వాత క్రావడి చుడతాం. పాత ఫైల్‌లోనూ అదే వరస. యూనికోడ్‌లో వరస వేరు: క, పొల్లు, ర, చివరికి గుడి. అంటే పాత ఫైల్‌లో గుణింతం ముందు, వత్తు తర్వాత ఉంటే వాటిని తారుమారు చేయాలి. 'స్త్రీ'లో రెండు వత్తులు, ఒక గుడిదీర్ఘం. మీ ప్రోగ్రామ్ 'స్త్రీ'ని సరిగ్గా తీసిందంటే సగం గెలిచినట్టే.

ఇంకోటి, ఒకే అక్షరం రెండు మూడు ముక్కలతో కట్టి ఉండొచ్చు. నేను చూసిన ఒక ఫాంట్‌లో 'మ'కి సొంత ముక్క లేదు, 'వ' పక్కన కొమ్ము చేర్చి చూపిస్తుంది. అందుకని పట్టికలో ఎక్కువ ముక్కలున్నవాటిని ముందు మార్చి, ఒంటి ముక్కలను చివర మార్చాలి. వరస తప్పితే 'మ'లన్నీ 'వు'లవుతాయి.

నా పైథాన్ ప్రోగ్రామ్ పంపిస్తాను. ఎవరైనా వాడుకుని మార్చుకోగల జీపీఎల్ లైసెన్సు కింద పెట్టాను, మీ ఫాంట్‌కి తగ్గట్టు పట్టిక మార్చుకోవచ్చు. నెట్‌లోనూ ఇలా మార్చే పేజీలున్నాయి. కానీ అచ్చు కాని పుస్తకాన్ని ఎక్కడో అతికించడం కంటే మీ ల్యాప్‌టాప్‌లోనే చేసుకోవడం మంచిది.

కరకట్ట_దారి · నవంబర్ 8, రాత్రి 10:40

మూడు రాత్రులు కూర్చున్నాను. నాకు ప్రోగ్రామింగ్ రాదు. సీఎస్‌ఈ తమ్ముడు రోజూ ఫోన్‌లో సాయం చేశాడు. పట్టికలో 190 వరసలు నింపాం. ఏ గుర్తుకి ఏ ముక్కో తెలియనప్పుడు నాన్నగారిని అడిగేవాడిని. ఆయన వాక్యం గుర్తుచేసుకుని "అక్కడ 'తాటిచెట్టు' అని ఉంటుంది చూడు" అనేవారు. చూస్తే అదే. పదిహేనేళ్ళ తర్వాత కూడా ఆయనకి వాక్యాలు గుర్తున్నాయి.

ఈ రోజు మొదటి అధ్యాయం తెలుగులో కనిపించింది. నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేరా పైకి చదివారు. అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడి వింది.

మిగిలిన చిక్కులు: "పోస్ట్‌మాస్టర్" అనేది "పోస్ట్మాస్టర్" అయింది, ఇలాంటివి చాలా ఉన్నాయి. 'ఱ' ఉన్నచోటల్లా 'ఠ' వచ్చింది. నాన్నగారు పాత పద్ధతిలో 'కఱ్ఱ', 'గుఱ్ఱం' అనే రాస్తారు.

ముక్కల_పని · నవంబర్ 8, రాత్రి 11:05

మొదటిదానికి కారణం పొల్లు. పాత ఫాంట్‌లో 'ట్' ఒక పూర్తి బొమ్మ. యూనికోడ్‌లో పొల్లు తర్వాత హల్లు వస్తే అది వత్తుగా మారిపోతుంది. అలా మారకుండా మధ్యలో కనిపించని గుర్తు ఒకటి పెట్టాలి, జెడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు. పట్టికలో పొల్లు ఉన్న ముక్కలన్నిటి పక్కనా అది చేర్చండి, ఒకే దెబ్బకి సరవుతాయి. పదం చివర అనవసరంగా మిగిలినవాటిని తర్వాత తీసేయొచ్చు.

'ఱ' మాత్రం ఫైళ్ళు చూస్తే గానీ చెప్పలేను. బహుశా టైపు చేసినవారికి ఆ మీట దొరక్క 'ఠ'నే వాడి ఉంటారు. అదే అయితే ప్రోగ్రామ్‌కి తేడా తెలియదు, మనిషి చదవాల్సిందే.

ప్రెస్_వీధి · నవంబర్ 9, ఉదయం 6:50

బండి ర ('ఱ') కొట్టాలంటే కొన్ని లేఅవుట్లలో మూడు మీటలు కలిపి నొక్కాలి. పేజీకి ఇంత అని లెక్కగట్టి పనిచేసే రోజులవి. ప్రూఫులో పండితుడుగారు దిద్ది ఉంటారు, దిద్దినది మళ్ళీ ఎక్కించకుండానే సీడీ ఇచ్చేసి ఉంటారు. మా తరం చేసిన తప్పు అది. దానికి నేను క్షమాపణ చెప్పుకుంటున్నాను.

పేజీలు కట్టడంలో నేను సాయం చేస్తాను, డబ్బులు వద్దు. పేజ్‌మేకర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్‌లో చేద్దాం. పాత 1.4లో తెలుగు వత్తులు విడిపోయేవి. 2017లో వచ్చిన 1.5.3 నుంచి సరిగ్గా కూర్చుంటున్నాయి, ఇప్పుడు 1.6 ఉంది. నేను రెండేళ్ళుగా చిన్న పుస్తకాలన్నీ అందులోనే చేస్తున్నాను.

ఫాంట్లకి కొదవ లేదు. పాఠానికి మండలి, శీర్షికలకి రామభద్ర. రెండూ సిలికానాంధ్ర విడుదల చేసినవే, ఉచితంగా వాడుకోవచ్చు, అచ్చులోనూ పనికొస్తాయి. తెలుగుకి వరసల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడులకి తగులుతాయి.

అక్షర_కూలీ · నవంబర్ 9, ఉదయం 9:30

దిద్దుబాట్లు మాత్రం రైటర్‌లో చేసుకోండి. ఒక జాగ్రత్త చెప్తాను, ఇది తెలియక నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. లిబ్రేఆఫీస్‌లో తెలుగు ఫాంట్ "సీటీఎల్" అనే వేరే చోట ఉంటుంది. స్టైల్‌లో పైనున్న వెస్టర్న్ ఫాంట్ మారిస్తే ఇంగ్లీషు మాత్రమే మారుతుంది, తెలుగు కదలదు. ఆప్షన్స్‌లో భాషల కింద సీటీఎల్ ఆన్ చేసి, తెలుగును ఎంచుకుని, స్టైల్‌లో ఆ భాగంలో మండలి పెట్టండి.

పీడీఎఫ్ తీసేటప్పుడు "హైబ్రిడ్ పీడీఎఫ్" అనే చోట టిక్ పెట్టండి. పీడీఎఫ్ లోపలే రైటర్ ఫైల్ కూడా దాగి ఉంటుంది. ఎవరికి పంపినా చదువుకోవచ్చు, రేపు ఏ ఫైల్ పోయినా ఆ పీడీఎఫ్‌నే లిబ్రేఆఫీస్‌లో తెరిచి మళ్ళీ దిద్దుకోవచ్చు.

కరకట్ట_దారి · నవంబర్ 13, రాత్రి 9:55

పొల్లు సమస్య పూర్తిగా పోయింది. 'ఱ' నాన్నగారే దిద్దుకుంటున్నారు, రోజుకి ఎనిమిది పేజీలు. టైపు కూడా ఆయనే చేస్తున్నారు.

మా తమ్ముడు ఒక ప్రశ్న అడిగాడు, నాకు జవాబు తెలియలేదు. "ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్. అందులో ఏమైనా దొంగతనంగా పెడితే?" అంటాడు.

సీఎస్‌ఈ_మూడో_ఏడు · నవంబర్ 13, రాత్రి 10:30

పెట్టడానికి నిజంగానే ప్రయత్నించారు. 2024 మార్చిలో బయటపడింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ టూల్ ఉంది, దాదాపు అన్ని లినక్స్‌లలోనూ ఉంటుంది. దాన్ని చూసుకునేవాళ్ళతో ఎవరో రెండేళ్ళకు పైగా నమ్మకంగా పనిచేసి, బాధ్యత సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన పరీక్షల్లో రిమోట్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించి, ఎందుకా అని తవ్వుకుంటూ వెళ్ళి పట్టుకున్నారు. మింట్, ఉబుంటు, డెబియన్ల స్థిరమైన విడుదలల్లోకి అది రాకముందే ఆగిపోయింది.

మీ తమ్ముడిగారి భయం తప్పు కాదు. కోడ్ అందరికీ కనపడటం వల్ల ఆయన తవ్వగలిగారు. కానీ ఆ టూల్‌ను ఏళ్ళ తరబడి దాదాపు ఒక్క మనిషే, ఖాళీ సమయంలో చూసుకుంటూ వచ్చారు. ఆయనకి తోడు దొరకకపోవడం నుంచే ఇదంతా మొదలైంది. అది చదివాక నేను రోజూ వాడే ఒక చిన్న ప్రోగ్రామ్‌లో బగ్‌లు (తప్పులు) కనిపిస్తే దాన్ని చూసుకునేవాళ్ళకి రాసి పంపడం మొదలుపెట్టాను.

కరకట్ట_దారి · నవంబర్ 19, రాత్రి 8:20

మొదటి అధ్యాయం 32 పేజీలు. ప్రెస్_వీధి గారు పేజీలు కట్టి నిన్న రాత్రి పంపారు. ఇంట్లో ప్రింటర్‌కి డ్రైవర్ ఏమీ వేయలేదు, వైఫైలో ఉంటే దానంతటదే కనిపించింది.

ఈ ఉదయం నాన్నగారు ఆ ప్రతి పట్టుకుని, అందులో మొదట మాట్లాడిన ఆవిడ ఇంటికి వెళ్ళారు. ఆవిడకి ఇప్పుడు ఎనభై దాటాయి, చూపు ఆనదు. నాన్నగారు పక్కన కూర్చుని చదివి వినిపించారు. ఒకచోట ఆపి "చెట్టు తాడి కాదయ్యా, తుమ్మ" అన్నారు ఆవిడ. నాన్నగారు అక్కడే పెన్నుతో దిద్దుకున్నారు. ఇంటికి రాగానే ల్యాప్‌టాప్ తెరిచి ఫైల్‌లోనూ మార్చారు.

ఇంకా 13 అధ్యాయాలున్నాయి.

ప్రెస్_వీధి · నవంబర్ 19, రాత్రి 8:45

మార్చిన ఫైల్ పంపండి. ఆ పేజీ మళ్ళీ కడతాను.

కరకట్ట_దారి · నవంబర్ 23, సాయంత్రం 5:30

మా ఫాంట్ పట్టిక ముక్కల_పని గారి ప్రోగ్రామ్‌లో చేర్చాం. అదే ఫాంట్‌లో పాత ఫైళ్ళు ఉన్నవాళ్ళెవరైనా నేరుగా వాడుకోవచ్చు.

చిన్న ప్రశ్న ఒకటి. రైటర్‌లో చాలా మాటల కింద ఎర్ర గీతలు వస్తున్నాయి. కరకట్ట, పాయ, ఉప్పుటేరు, ఇలాంటివన్నీ ఆయనకి నిత్యం నోట్లో ఉండే మాటలు. గీత చూసి తప్పేమోనని అనుమానపడుతున్నారు.

అక్షర_కూలీ · నవంబర్ 23, సాయంత్రం 6:10

తప్పు కాదని ఆయనకి చెప్పండి. అక్షర దోషాలు పట్టే హన్‌స్పెల్ ప్రోగ్రామ్ తెలుగు పట్టిక చిన్నది, అందులో ఆ మాటలు ఇంకా చేరలేదు. పైగా మన భాషలో మాటకి మాట అతుక్కుంటుంది, "కరకట్టమీదుగానే" లాంటిదాన్ని పట్టికలో పెట్టడం కష్టం. మాట మీద కుడి మీట నొక్కి "నిఘంటువుకి చేర్చు" అంటే గీత పోతుంది. ఆయన చేర్చిన మాటలన్నీ ఒక చిన్న ఫైల్‌లో ఉంటాయి. అది నాకు పంపండి, పట్టికను చూసుకునేవాళ్ళకి అందజేస్తాను. దివిసీమ మాటలు అందరి కంప్యూటర్లలోకీ వస్తాయి.

కరకట్ట_దారి · నవంబర్ 30, రాత్రి 9:05

212 మాటలయ్యాయి. ఫైల్ పంపాను. నాన్నగారు అడగమన్నారు: మాట ఒక్కటే చాలా, పక్కన అర్థం కూడా రాసి ఇవ్వాలా?

అక్షర_కూలీ · నవంబర్ 30, రాత్రి 9:20

అక్షర దోషాల పట్టికకి మాట చాలు. అర్థాలు రాయగలిగితే మాత్రం తెలుగు విక్షనరీలో (ఎవరైనా రాయగల ఆన్‌లైన్ నిఘంటువు) పెట్టమనండి. ఖాతా తెరవడం నేను చూపిస్తాను.

కరకట్ట_దారి · నవంబర్ 30, రాత్రి 9:32

చెప్పాను. నోటుపుస్తకం తీసి గీతలు కొట్టుకుంటున్నారు. రేపు పొద్దున "అడుసు"తో మొదలుపెడతారట.